ఐఆర్ (పారిశ్రామిక సంబంధాలు) ట్రైనింగ్ ఎవరికి, ఎన్ని గంటలు, ఏం నేర్పాలి? పైడిభీమవరం హెచ్ఆర్ మిత్రుడికి సమాధానం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పైడిభీమవరం పక్కన బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్. పర్మినెంట్ కార్మికులు 190 మంది, కాంట్రాక్టు వాళ్లు 250 పైచిలుకు. ఈ ఏడాదే యూనియన్ రిజిస్టర్ అయింది. "మేనేజర్లకీ హెచ్ఆర్ వాళ్లకీ రెండు రోజులు ఐఆర్ ట్రైనింగ్ పెట్టించండి" అని హైదరాబాద్ హెడ్డాఫీసు మెయిల్ పెట్టింది. విశాఖ హోటల్లో పెట్టాలా, ప్లాంట్‌లోనే పెట్టాలా? ఎవరిని పిలవాలి, సిలబస్ ఏమిటి, సర్టిఫికెట్ ఏదైనా వస్తుందా?

హోటల్లో రెండు రోజులు పెట్టకండి. అదే డబ్బుతో ప్లాంట్‌లోనే, తెలుగులో, మూడు వేర్వేరు శిక్షణలు పెట్టుకోవచ్చు. ముందు షిఫ్ట్ ఇన్‌ఛార్జిలు, సూపర్‌వైజర్లు: రెండేసి గంటల చొప్పున ఆరు విడతలు. తర్వాత హెచ్ఆర్, టైం ఆఫీసు (హాజరు లెక్కలు చూసేవాళ్లు): ఐదు రోజులు. ఆఖర్న హెచ్ఓడీలు (విభాగాధిపతులు), ప్లాంట్ హెడ్: ఒక రోజు. ఈ వరస తిరగేయకండి. అన్ని చోట్లా పైనుంచి మొదలుపెడతారు, కిందికి వచ్చేసరికి బడ్జెట్టూ ఓపికా రెండూ అయిపోతాయి.

ఎందుకీ వరస అంటారా? లేబర్ కోర్టు దాకా వెళ్లిన ఏ ఫైలైనా తీసి మొదటి కాగితం చూడండి. షిఫ్ట్‌లో మాటా మాటా అనుకోవడం, చెప్పకుండా నాగా పెట్టడం, డ్యూటీ మార్చితే ఒప్పుకోకపోవడం, ఓటీ లెక్క తేడా, ఇలాంటిదే ఉంటుంది. ఆ సంగతి మీ టేబుల్ మీదికి వచ్చేసరికి ఇన్‌ఛార్జి చేయాల్సినంతా చేసేసి ఉంటాడు. "రేపట్నించి గేటు లోపలికి రాకు" అనేసి ఉంటాడు, లేదా సెలవు చీటీ చూడకుండానే విసిరేసి ఉంటాడు. నోటితో పని మాన్పించాక మీకు చట్టం ఎంత తెలిసినా చేయగలిగింది తక్కువ.

సూపర్‌వైజర్ల శిక్షణ

బ్యాచ్‌కి 15 మందికి మించొద్దు. 'ఎ' షిఫ్ట్ (పొద్దుటిది) మధ్యాహ్నం 2 గంటలకు దిగాక, రెండున్నర నుంచి నాలుగున్నర దాకా పెట్టండి. ఇంటికి వెళ్లడానికి వేరే బండి ఏర్పాటు చేయండి. మొదటి రోజు సగం మంది మధ్యలో లేచిపోయేది కంపెనీ బస్సు వెళ్లిపోతుందన్న బెంగతోనే. సి షిఫ్ట్ (రాత్రిది) దిగిన వాళ్లను పొద్దున్నే కూర్చోబెడితే నిద్రపోతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. శిక్షణ సమయాన్ని డ్యూటీగానే లెక్కకట్టండి.

మొదటి విడతలో చట్టం జోలికి పోవద్దు. పిలుపు దగ్గర మొదలుపెట్టండి. మన ప్రాంతంలో ఇరవై ఐదేళ్ల కెమిస్ట్ షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా వస్తాడు. అతని కింద రణస్థలం, లావేరు, పూసపాటిరేగ ఊళ్ల నుంచి వచ్చే యాభై ఏళ్ల ఆపరేటర్లు ఉంటారు. ఊళ్లో వాళ్లు పెద్దమనుషులు, పంచాయతీలు చెప్పేవాళ్లు. ఆ మనిషిని పదిమందిలో "ఏయ్, నువ్వే, ఇట్రా" అంటే ఆ సాయంత్రానికి అది ఊరంతా తెలుస్తుంది, మర్నాటికి యూనియన్‌కి చేరుతుంది. "గారు" అనండి, లేదా వాళ్లలో వాళ్లు పిలుచుకున్నట్టే "బాబాయ్" అనండి. ప్యాకింగ్‌లో ఆడవాళ్లుంటే "అమ్మా" అనో, పేరు పెట్టి "మీరు" అనో పిలవాలి. ఇది మర్యాద పాఠం అనుకుని దాటేయకండి. డిమాండ్ల పత్రాల్లో "అధికారులు గౌరవంగా మాట్లాడాలి" అనేది జీతాల పెంపు పక్కనే ఉంటుంది.

రెండో విడత, మొత్తం శిక్షణలో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది: జరిగింది జరిగినట్టు రాయడం. ఇద్దరు పాల్గొనేవాళ్లతో రెండు నిమిషాల తగాదా ఆడించండి. మిగతా వాళ్లందరినీ ఎవరికి వాళ్లు పది నిమిషాల్లో రిపోర్టు రాయమనండి. చదివించండి. "అసభ్యంగా ప్రవర్తించాడు", "క్రమశిక్షణ ఉల్లంఘించాడు", "నా మాట లెక్కచేయలేదు" అనే ఉంటాయి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ మాట అన్నారు, చుట్టూ ఎవరున్నారు, దానివల్ల పని ఎంతసేపు ఆగింది, ఈ ఆరూ ఉన్న కాగితం చేతికి రావడం అరుదు. ఆ కాగితం సరిగా లేకపోతే మీరిచ్చే ఛార్జిషీటూ (అభియోగ పత్రం) సరిగా ఉండదు. తేడా చూడండి.

పనికిరానిది: "మీరు విధి నిర్వహణలో నిర్లక్ష్యంగాను, క్రమశిక్షణారహితంగాను ప్రవర్తించి పై అధికారిని దూషించియున్నారు."

పనికొచ్చేది: "మార్చి 14వ తేదీ బి షిఫ్ట్‌లో రాత్రి 8.40 ప్రాంతంలో, రెండో ప్రొడక్షన్ బ్లాక్‌లో సెంట్రిఫ్యూజ్ దగ్గర, బ్యాచ్ అన్‌లోడ్ చేయమని షిఫ్ట్ ఇన్‌ఛార్జి చెప్పగా మీరు 'నీ అయ్య సొమ్మా, నువ్వే దింపుకో' అని అరిచి, చేతిలోని స్కూప్ నేలకేసి కొట్టి, 9.15 వరకు పని చేయలేదు. ఆ సమయంలో అక్కడ మరో ఇద్దరు ఆపరేటర్లు ఉన్నారు."

తిట్టు రాయడానికి సూపర్‌వైజర్లు సిగ్గుపడతారు, "అనకూడని మాట అన్నాడు" అని వదిలేస్తారు. అన్న మాట అన్నట్టే రాయాలని గట్టిగా చెప్పండి. ఆ మాటే అభియోగం మరి. రిపోర్టు అదే షిఫ్ట్ ముగిసేలోపు, సొంత చేతిరాతతో రాయాలి. మూడు రోజుల తర్వాత హెచ్ఆర్ వాళ్లు టైపు చేసి సంతకం పెట్టించిన రిపోర్టు క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడదు. "ఈ కాగితం ఎవరు టైపు చేశారు?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

మూడో విడత నాగాలు, సెలవులు. జులై, ఆగస్టుల్లో ఉభాలు (వరి నాట్లు), ఏడాది చివర కోతలు, దసరా దాటిన మంగళవారం విజయనగరంలో సిరిమానోత్సవం, తర్వాత సంక్రాంతి. మీ కార్మికుల్లో చాలామందికి ఎకరమో అరెకరమో ఉంటుంది. ఈ వారాలు ముందే తెలిసినవే కాబట్టి, డిపార్ట్‌మెంట్‌వారీగా రోజుకి ఎంతమందికి సెలవివ్వగలమో నెల ముందు బోర్డు మీద పెట్టడం నేర్పండి. రాకుండా పోయిన వాడి పేరు మస్టర్లోంచి (హాజరు పట్టీలోంచి) కొట్టేయకూడదని మరీ మరీ చెప్పాలి. "పది రోజులు రాలేదు, అదే మానేసినట్టు" అనే లెక్క చెల్లదు. విచారణ లేకుండా అలా పేరు తీసేయడం సహజ న్యాయానికి విరుద్ధమని డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు 1993లో చెప్పింది, స్టాండింగ్ ఆర్డర్లలో (ఫ్యాక్టరీ సర్వీసు నిబంధనల్లో) ఆ నిబంధన ఉన్నా సరే. నేను చెప్పే క్రమం ఇది: మూడో రోజు టైం ఆఫీసు ఫోన్ చేసి రిజిస్టర్లో రాయాలి. ఎనిమిదో రోజు ఇంటి అడ్రసుకి తెలుగులో ఉత్తరం పంపాలి. మరో పది రోజులకి రెండో ఉత్తరం. అప్పటికీ రాకపోతే ఛార్జిషీటు, విచారణ. స్పీడ్ పోస్టు రసీదులు దాచండి. తిరిగొచ్చిన కవరుంటే విప్పకుండా ఫైల్లో పెట్టండి.

నాలుగోది కాంట్రాక్టు కార్మికులు. మీకు అసలు ప్రమాదం ఇక్కడుంది. ఇన్‌ఛార్జి ఒక వాట్సాప్ గ్రూపు పెడతాడు, అందులో పర్మినెంట్, కాంట్రాక్టు అందరూ ఉంటారు. "రేపు నలుగురు బి షిఫ్ట్‌కి రండి", "నీకు రేపు సెలవు", "లేటొస్తే సగం రోజు కట్" అని అతనే రాస్తాడు. కాంట్రాక్టరు సూపర్‌వైజర్ ఉన్నట్టే ఉంటాడు, ఏమీ చేయడు. కాంట్రాక్టు కేవలం కాగితం మీదిదా, నిజమైనదా అన్నది తేల్చాల్సింది పారిశ్రామిక ట్రిబ్యునల్ అని సుప్రీంకోర్టు 2001 నాటి స్టీల్ అథారిటీ తీర్పులో చెప్పింది. అక్కడ ఆ వాట్సాప్ స్క్రీన్‌షాట్లే సాక్ష్యం అవుతాయి. అది బూటకపు కాంట్రాక్టని తేలితే వాళ్లంతా మీ కార్మికులే, మీ లెక్క 300 దాటిపోతుంది, దాంతో చట్టంలో మీమీద పడే బాధ్యతలే మారిపోతాయి. కాబట్టి పని ఏం కావాలో కాంట్రాక్టరు సూపర్‌వైజర్‌కి చెప్పాలి. హాజరు, సెలవు, క్రమశిక్షణ అతని చేతి మీదుగానే జరగాలి. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు మాత్రం ఎవరికైనా నేరుగా చెప్పొచ్చు, చెప్పి తీరాలి. ఈ తేడా ఉదాహరణలతో చూపకపోతే, భయపడి భద్రత విషయంలో కూడా నోరు మూసుకుంటారు.

ఐదో విడత, గొడవ మొదలైన తొలి గంట గురించి: గేటు మీటింగు షిఫ్ట్ టైంలోకి సాగినప్పుడు, ఒక బ్లాకులో అందరూ చేతులు కట్టుకుని నిలబడినప్పుడు ఏం చేయాలి. బెదిరించకూడదు, మాట ఇవ్వకూడదు, ఫోన్లో వీడియో తీస్తూ మీదికి వెళ్లకూడదు. టైము రాయాలి, ఎంతమందో రాయాలి, ఒక్క మనిషితో మాట్లాడి ఏం కావాలో అడిగి హెచ్ఆర్‌కి చెప్పాలి. సీసీటీవీ ఫుటేజీ తనంతట తాను చెరిగిపోయేలోపు కాపీ తీయించాలి. బల్క్ డ్రగ్ యూనిట్ కాబట్టి మీకు ఇంకొకటి తప్పనిసరి. రియాక్షన్ మధ్యలో ఉన్న రియాక్టర్‌ని గాలికి వదిలేయలేరు. బాయిలర్, చిల్లింగ్ ప్లాంట్, నైట్రోజన్, ఈటీపీ (వ్యర్థజల శుద్ధి), ఫైర్ ఇవన్నీ ఎవరో ఒకరు చూడాలి. గొడవ వచ్చినా ఈ పోస్టుల్లో మనుషులుంటారు, నడుస్తున్న బ్యాచ్ సురక్షిత దశకి తెచ్చాకే బయటికి వస్తారు అని ప్రశాంతంగా ఉన్నప్పుడే యూనియన్‌తో పేర్లతో సహా రాసుకోండి. సాధారణంగా యూనియన్లు దీనికి అడ్డు చెప్పవు, లోపల ఉండేది వాళ్ల మనుషులే కదా.

ఆరో విడత రెండు నెలల తర్వాత పెట్టండి. ఈలోగా వాళ్లు రాసిన అసలు రిపోర్టులు పేర్లు తీసేసి ముందు పెట్టి దిద్దండి.

హెచ్ఆర్, టైం ఆఫీసు: ఐదు రోజులు

మొదటి రోజు చట్టం. పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అనేది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం, ఈ మూడూ అందులో కలిశాయి. ట్రైనర్ పాత స్లైడ్లతో వస్తే అక్కడికక్కడే ఆపేయండి. రాష్ట్ర నియమాల తాజా స్థితి శిక్షణకి ముందు వారం కార్మిక శాఖ ఆఫీసులో కనుక్కుని రమ్మని కూడా చెప్పండి. మీ యూనిట్‌కి నేరుగా తగిలే అంశాలివి:

20 మంది, అంతకు మించి కార్మికులుంటే ఫిర్యాదుల పరిష్కార కమిటీ తప్పనిసరి. సభ్యులు పదికి మించకూడదు, రెండు వైపులా సమానం, ఆడవాళ్లకి తగిన చోటుండాలి, అధ్యక్షత ఒక ఏడాది యాజమాన్యానికి, మరో ఏడాది కార్మికులకి. ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చాలి. నచ్చకపోతే కార్మికుడు 60 రోజుల్లో యూనియన్ ద్వారా కన్సిలియేషన్ అధికారి (రాజీ కుదిర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు.

సమ్మెకి 14 రోజుల ముందు నోటీసు ఇప్పుడు అన్ని పరిశ్రమలకీ వర్తిస్తుంది, ఇదివరకటిలా ప్రజోపయోగ సేవలకే పరిమితం కాదు. నోటీసు మీకు అందిన 5 రోజుల్లో ప్రభుత్వానికీ కన్సిలియేషన్ అధికారికీ తెలియజేయాలి. సగానికి సగం మంది ఒకే రోజు మూకుమ్మడిగా క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మె కిందే లెక్క. ఉభాల్లో సగం మంది వేర్వేరుగా, వేర్వేరు కారణాలతో సెలవడిగితే మాత్రం అది సమ్మె అని ఎగరకండి, కూడబలుక్కుని చేశారని చూపించాల్సింది మీరే.

యూనియన్లు ఒకటికి మించి ఉంటే, మస్టర్ మీదున్న వాళ్లలో 51 శాతం మద్దతున్నదే ఏకైక చర్చల యూనియన్. అంత ఎవరికీ లేకపోతే 20 శాతం చొప్పున ఉన్న యూనియన్లతో చర్చల మండలి వేయాలి. సర్వీసు నిబంధనలు మార్చాలంటే, అంటే షిఫ్ట్ వేళలు, అలవెన్సులు, సెలవుల్లాంటివి, 21 రోజుల ముందు నోటీసు. హెడ్డాఫీసు ఒకటో తారీఖు నుంచి షిఫ్ట్ మార్చమని 25న మెయిల్ పెట్టడం అన్నది అందుకే కుదరదు.

మీ మస్టర్ మీద 300 లోపు ఉన్నారు కాబట్టి స్టాండింగ్ ఆర్డర్ల అధ్యాయం మీకు వర్తించదు, లే-ఆఫ్‌కీ (తాత్కాలికంగా పని ఇవ్వకపోవడం) రిట్రెంచ్‌మెంట్‌కీ (మిగులు సిబ్బందిని తీసేయడం) ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు. ఇది విని హెడ్డాఫీసు సంబరపడుతుంది. కానీ ఏది దుష్ప్రవర్తన, దానికి ఏ శిక్ష అన్నది నియామక పత్రంలోనో సర్వీసు నిబంధనల్లోనో రాసి లేకపోతే, రేపు ఏ నిబంధన ఉల్లంఘించాడని ఛార్జిషీటు ఇస్తారు? శిక్షణకి ముందే మాదిరి స్టాండింగ్ ఆర్డర్లు దగ్గర పెట్టుకుని ఆ జాబితా తెలుగులో తయారు చేసి, సంతకాలు తీసుకుని ఇవ్వండి. ఇక రిట్రెంచ్‌మెంట్‌కి అనుమతి అక్కర్లేకపోయినా నెల నోటీసు, ఏడాది సర్వీసుకి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాల్సిందే. రీస్కిల్లింగ్ ఫండ్‌కి (కొత్త నైపుణ్యాల నిధికి) మరో 15 రోజుల వేతనం కట్టాలి.

ఇంకో చిక్కు. "ఎగ్జిక్యూటివ్" అని హోదా ఇచ్చాం కాబట్టి కార్మికుడు కాదు అనుకోకండి. క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) రోజంతా శాంపిల్స్ పరీక్షించే మనిషి చేసేది సాంకేతిక పని. నెలకి 18,000 రూపాయల గీత సూపర్‌వైజరీ పని చేసే వాళ్లకే. చూసేది అతను ప్రధానంగా ఏం చేస్తున్నాడన్నది, బ్యాడ్జి మీద ఏముందన్నది కాదు.

రెండో రోజూ, మూడో రోజూ పూర్తిగా డొమెస్టిక్ ఎంక్వైరీకే, అంటే కంపెనీ తనే జరిపే క్రమశిక్షణ విచారణకే. ఉపన్యాసం గంట, మిగతాదంతా ఆడించడం. ఏడుగురు కావాలి: ఎంక్వైరీ అధికారి, యాజమాన్య ప్రతినిధి, అభియోగం ఎదుర్కొనే కార్మికుడు, అతనికి సహాయకుడు, ఇద్దరు సాక్షులు, రాసేవాడు. పైన చెప్పిన స్కూప్ కేసే ఇవ్వండి. మూడు గంటలు నడపండి, తర్వాత పాత్రలు మార్చి మళ్లీ. కార్మికుడి పాత్ర మీలో గట్టిగా వాదించే మనిషికివ్వండి, లేకపోతే నేర్చుకునేదేమీ ఉండదు.

కొలత సుప్రీంకోర్టు 1963 నాటి సుర్ ఎనామెల్ తీర్పులో చెప్పిన ఐదు అంశాలే: అభియోగం స్పష్టంగా తెలపాలి, సాక్షుల్ని అతని ఎదుటే విచారించాలి, అతనికి క్రాస్ చేసే అవకాశమివ్వాలి, తన సాక్షుల్ని తెచ్చుకోనివ్వాలి, నివేదికలో కారణాలు రాయాలి. వినడానికి సులువే. నడిపేటప్పుడు ఎక్కడెక్కడ జారతారో చెబుతాను.

ఎంక్వైరీ అధికారే సాక్షిని "అతను నిన్ను తిట్టాడు కదా?" అని అడిగేస్తాడు. అక్కడితో అతను న్యాయనిర్ణేత కాకుండా పోయాడు. ఫిర్యాదు చేసిన హెచ్ఓడీ కింద పనిచేసే మనిషినే ఎంక్వైరీ అధికారిగా వేస్తారు. ఛార్జిషీటు ఇంగ్లీషులో ఇస్తారు, కార్మికుడు ఎనిమిదో తరగతి. ప్రాథమిక విచారణలో తీసుకున్న స్టేట్‌మెంట్ల మీద ఆధారపడతారు, కాపీలు మాత్రం ఇవ్వరు. మధ్యాహ్నం ఎంక్వైరీ అధికారీ యాజమాన్య ప్రతినిధీ ఒకే కారులో భోజనానికి వెళతారు. నేరం ఏమీ కాదు గానీ, ఆ సాయంత్రమే పక్షపాతమని ఉత్తరం వస్తుంది. ఒక్కసారి రాకపోతే చాలు, ఎక్స్‌పార్టీ చేసేస్తారు. కనీసం ఇంకో తేదీ ఇచ్చి, ఆ నోటీసులోనే "ఈసారీ రాకపోతే మీరు లేకుండానే కొనసాగుతుంది" అని రాయాలి. ఏ రోజు ప్రొసీడింగ్స్‌కి ఆ రోజే ప్రతి పేజీ మీద అందరి సంతకాలు ఉండాలి. సంతకం పెట్టనంటే ఆ మాటే రాసి ఉన్న సాక్షులతో సంతకం చేయించాలి. ఇక చివర్లో నివేదికలోనే "డిస్మిస్ చేయవలసినది" అని రాసేస్తారు. ఎంక్వైరీ అధికారి పని రుజువైందా లేదా చెప్పడం వరకే.

శిక్ష వేసే ముందు నివేదిక కాపీ కార్మికుడికిచ్చి అతని మాట వినాలి. ఇది మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులో, కరుణాకర్ తీర్పులో, 1993లో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. పాత శిక్షల చరిత్ర లెక్కలోకి తీసుకోదలిస్తే ఆ సంగతీ అదే షోకాజ్ నోటీసులో చెప్పాలి. సస్పెన్షన్లో ఉంటే, స్టాండింగ్ ఆర్డర్ల అధ్యాయంలోని కొలతే మీరూ పాటించండి: మొదటి 90 రోజులు వేతనంలో సగం, ఆ తర్వాత ఆలస్యం అతని వల్ల కాకపోతే 75 శాతం జీవన భృతి. విచారణ కూడా మామూలుగా ఆ 90 రోజుల్లోనే పూర్తి కావాలి. భృతి ఒక్క నెల ఆపినా, "డబ్బుల్లేక విచారణకి రాలేకపోయాను" అన్న వాదనకి మీరే తలుపు తీసినట్టు.

నాలుగో రోజు ఒప్పందం రాయడం. ఇద్దరి మధ్య బయట చేసుకున్న ఒప్పందం సంతకం పెట్టిన పక్షాల్నే కట్టేస్తుంది. కన్సిలియేషన్ అధికారి ముందు జరిగిన ఒప్పందం అందరు కార్మికుల్నీ, తర్వాత చేరే వాళ్లని కూడా కట్టేస్తుంది. పాత చట్టంలో 12(3) ఒప్పందం అని పిలిచేవాళ్లం, ఆ పేరు ఇంకా పోలేదు. మీ దగ్గర కొత్త యూనియన్ కాబట్టి, రేపు రెండోది పుట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, జీతాల ఒప్పందం కార్మిక శాఖ అధికారి ముందే చేసుకోండి. క్లాజులు రాయించి దిద్దండి. "కార్మికులు ఉత్పాదకత పెంపునకు సహకరిస్తారు" అని ప్రతి ఒప్పందంలోనూ ఉంటుంది, దాన్ని ఎవరూ ఎప్పుడూ అమలు చేయించలేరు. ఏ సెక్షన్లో, షిఫ్ట్‌కి ఎన్ని డ్రమ్ములు, ఎంతమందితో, పవర్ పోతే ఏం లెక్క అని రాస్తే అది క్లాజు.

ఐదో రోజు రిజిస్టర్లు, కాంట్రాక్టు లైసెన్సులు, మహిళలపై లైంగిక వేధింపుల అంతర్గత కమిటీ. ఆ కమిటీకి విడిగా సగం రోజు ఇవ్వండి, మామూలు ఎంక్వైరీతో కలపొద్దు. దాని సభ్యులు వేరు, గోప్యత నియమాలు వేరు.

హెచ్ఓడీలకి ఒక రోజు

వీళ్లకి రెండే నేర్పాలి. ఒకటి, హామీలు ఇవ్వకపోవడం. ప్రొడక్షన్ హెడ్ నెలాఖరు డిస్పాచ్ కోసం బ్లాక్‌లోకి వెళ్లి "ఈ బ్యాచ్ లాగెయ్యండి, ఇన్సెంటివ్ నేను చూసుకుంటా" అంటాడు. ఆ మాట యూనియన్ డిమాండ్ల పత్రంలోకి ఎక్కుతుంది.

రెండోది, అడిగిన దాని అసలు ఖరీదు కట్టడం. బేసిక్ మీద వెయ్యి రూపాయలు అడిగారనుకోండి. యజమాని వాటా పీఎఫ్, దాని చార్జీలతో కలిపి సుమారు 130. జీతం 21,000 లోపుంటే ఈఎస్ఐ 3.25 శాతం, అంటే 32 రూపాయల 50 పైసలు. గ్రాట్యుటీ 4.81 శాతం, 48 రూపాయలు. వెయ్యి కాస్తా 1,210 దాటింది. ఓటీ రెట్టింపు రేటు కాబట్టి గంటకి మరో 9 రూపాయల 60 పైసలు పెరుగుతుంది, నెలకి 30 గంటల ఓటీ చేసే మనిషికి ఇంకో 288. మీ కంపెనీ పీఎఫ్ 15,000 సీలింగు మీదే కడుతుంటే, బేసిక్ ఇప్పటికే అది దాటినవాళ్లకి ఆ 130 పెరగదు, ఆ తేడా కూడా లెక్కించాలి. హెచ్ఓడీలతో కాగితం మీద చేయిస్తేనే చర్చల్లో "వెయ్యే కదా" అని ఎవరూ నోరు జారరు.

చర్చల్లో మాట్లాడేది ఒక్కరే, రాసేది ఒకరు, లెక్క చూసేది ఒకరు. ఆఖరి మాట చెప్పగల మనిషి బల్ల దగ్గర కూర్చోకూడదు, కూర్చుంటే "అడిగి చెబుతాం" అనడానికి వీలుండదు. ప్రతి సమావేశం చివర ఏది తేలింది, ఏది తేలలేదు రెండు వైపులా సంతకాలు.

ఎవరిని పిలవాలి

పేరు చూసి పిలవకండి. ఆయన రాసిన ఒక ఛార్జిషీటు, ఒక ఎంక్వైరీ నివేదిక పేర్లు కొట్టేసి చూపించమనండి. కన్సిలియేషన్లో కూర్చున్న అనుభవం ఉందా అడగండి. తెలుగులో చెప్పగలరా అన్నది షరతుగా పెట్టండి. రిటైరైన కార్మిక శాఖ అధికారి, విశాఖ లేబర్ కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాది, పెద్ద ఫ్యాక్టరీలో పర్సనెల్ (సిబ్బంది) విభాగం నడిపిన మనిషి, ఈ ముగ్గురినీ వాళ్లకి తెలిసిన భాగానికే వాడుకోండి. ఒక్కరే అన్నీ చెబుతానంటే నమ్మకండి. అనుభవమున్న యూనియన్ నాయకుణ్ని, మీ యూనిట్‌తో సంబంధం లేనివాణ్ని, హెచ్ఓడీల ముందు ఒక గంట మాట్లాడించండి. అటువైపు నుంచి ఎలా కనిపిస్తామో స్లైడ్లలో రాదు.

"యూనియన్‌ని ఎలా కంట్రోల్ చేయాలి" అని సిలబస్ పంపే ఏజెన్సీలను దగ్గరికి రానివ్వకండి. నాయకుల్ని బదిలీ చేయడం, పోటీ యూనియన్ పెట్టించడం లాంటివి కోడ్ రెండో షెడ్యూల్లో అనుచిత కార్మిక పద్ధతులుగా రాసి ఉన్నాయి. ఆ స్లైడు బయటికి వస్తే అదే మీ మీద సాక్ష్యం. యూనియన్ రిజిస్టరైన కొన్ని నెలలకే శిక్షణ పెడుతున్నారు కాబట్టి అనుమానం సహజం. ఏం నేర్పబోతున్నారో ఒక పేజీ రాసి ముందే యూనియన్‌కి ఇవ్వండి. ఫిర్యాదుల కమిటీలోని కార్మిక సభ్యుల్ని మూడో విడతకి పిలిచినా తప్పులేదు.

మీ హెచ్ఆర్ హెడ్‌ని బయటికి పంపదలిస్తే నోయిడాలోని వి.వి. గిరి జాతీయ కార్మిక సంస్థ ప్రోగ్రాములు చూడండి. గిరి గారు 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. వివాదాన్ని కోర్టుకి తోయడం కన్నా ఇద్దరూ కూర్చుని తేల్చుకోవడమే మేలన్నది ఆయన పట్టు. శ్రీకాకుళం జిల్లా ఎంపీ పేరుతో ఉన్న ఆ సంస్థ గురించి మన జిల్లా హెచ్ఆర్ వాళ్లలో చాలామందికి తెలియకపోవడం విచిత్రమే. కార్మికుల కోసం అయితే దత్తోపంత్ ఠేంగ్డీ జాతీయ కార్మిక విద్య బోర్డు ఉంది, దాని ప్రాంతీయ కేంద్రానికి ఉత్తరం రాస్తే వాళ్లే వచ్చి చెబుతారు.

పని చేసిందా లేదా ఎలా తెలుస్తుంది

ఫీడ్‌బ్యాక్ ఫారాలు చూడకండి, భోజనం బాగుంటే అందరూ బాగుందనే రాస్తారు. ఆరు నెలల తర్వాత నాలుగు సంగతులు చూడండి: సూపర్‌వైజర్ స్థాయిలో రాతపూర్వకంగా నమోదైన ఫిర్యాదులు, వాటికి జవాబివ్వడానికి పట్టిన రోజులు, తప్పుగా రాశారని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చిన ఛార్జిషీట్లు, నోటి దురుసు మీద వచ్చిన ఫిర్యాదులు. మొదటి మూడు నెలలు ఫిర్యాదుల సంఖ్య పెరుగుతుంది. హెడ్డాఫీసుకి ఇది ముందే చెప్పి ఉంచండి, లేకపోతే "ట్రైనింగ్ పెట్టాక గొడవలు పెరిగాయి" అని మెయిల్ వస్తుంది. ఇన్నాళ్లూ నోటి మాటగా పోయినవి కాగితం మీదికి వస్తున్నాయంతే.

సర్టిఫికెట్ సంగతి. సూపర్‌వైజర్లకి కంపెనీ ఇచ్చే కాగితం చాలు, హాజరు రిజిస్టర్ మాత్రం సంతకాలతో దాచండి. ఎంక్వైరీ అధికారి కావడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, పక్షపాతం లేకపోతే చాలు. మీ కుర్రాళ్లెవరికైనా ఈ రంగంలో కొనసాగాలని ఉంటే ఏదైనా యూనివర్సిటీ నుంచి కార్మిక చట్టాల డిప్లొమా చేయించండి, ఫీజు కంపెనీ కట్టి, తర్వాత రెండేళ్లు ఉంటామని రాయించుకోవచ్చు. మొదటి బ్యాచ్ మాత్రం ఉభాల సీజన్లో పెట్టకండి, సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి.